మొక్కకు చట్టం ఒప్పుకుంది, నేలకు కౌంటీ ఒప్పుకోవాలి

మన పాడేరు ఏజెన్సీలో గంజాయి తోట కనబడితే వచ్చేది పోలీసులు. అమెరికాలో, కాలిఫోర్నియా ఉత్తరాన ఉన్న హంబోల్ట్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) అయితే ముందు వచ్చేది ప్లానింగ్ ఆఫీసు నోటీసు. ఈ షెడ్డుకు అనుమతి ఉందా? కొండను ఇలా చదును చేయడానికి గ్రేడింగ్ పర్మిట్ తీసుకున్నావా? ఈ వాగు నీళ్లు ఎవరిని అడిగి తోడుతున్నావు? నోటీసు నిండా ఇవే. గంజాయి మొక్క గురించి అందులో ఒక్క ముక్క కూడా లేకపోవచ్చు.

కాలిఫోర్నియాలో గంజాయి చట్టబద్ధమైందంటే ఎవరైనా పెంచుకుని అమ్ముకోవచ్చని మనలో చాలామంది అనుకుంటాం. 2016 నవంబర్ 8న అక్కడి ఓటర్లు ప్రొపొజిషన్ 64 అనే ప్రతిపాదనను నేరుగా ఓటేసి గెలిపించిన మాట నిజమే. 2018 జనవరి 1 నుంచి పెద్దవాళ్లకు దుకాణాల్లో అమ్మకాలు మొదలైన మాటా నిజమే. కానీ అదే చట్టం ఇంకో పని చేసింది. వ్యాపార సాగును అనుమతించాలా, పూర్తిగా నిషేధించాలా అన్న నిర్ణయాన్ని ప్రతి నగరానికీ, ప్రతి కౌంటీకీ వదిలేసింది. రైతుకు రాష్ట్రం ఇచ్చే లైసెన్సు ఒకటి కావాలి, ఆ నేల మీద ఆ పని చేసుకోవచ్చని కౌంటీ ఇచ్చే భూ వినియోగ అనుమతి ఇంకొకటి కావాలి. రెండోది లేకుండా మొదటిది రాదు.

మన దగ్గర పొలంలో పెట్రోల్ బంకు పెట్టాలంటే ఆయిల్ కంపెనీ డీలర్‌షిప్ ఇస్తే చాలదు కదా. భూమిని వ్యవసాయేతరంగా మార్పించుకోవాలి, ఒక్కో శాఖ నుంచి ఎన్.ఓ.సి. తెచ్చుకోవాలి. అక్కడ గంజాయి పరిస్థితి అచ్చం అదే. రాష్ట్ర చట్టం దాన్ని వ్యవసాయ ఉత్పత్తి అంటుంది. కౌంటీ మాత్రం పెట్రోల్ బంకును చూసినట్టే చూస్తుంది. పక్క పొలంలో ద్రాక్ష వేసుకునేవాడికి చాలాచోట్ల ఈ రకం అనుమతే అక్కర్లేదు.

ఇంత తలనొప్పి ఎందుకొచ్చిందో అర్థం కావాలంటే ఆ తోటలు అసలు ఎక్కడున్నాయో చూడాలి. హంబోల్ట్, మెండొసినో, ట్రినిటీ, ఈ మూడు కౌంటీలను కలిపి ఎమరాల్డ్ ట్రయాంగిల్ అంటారు. 1960లు, 70లలో నగరాలు వదిలి వచ్చిన హిప్పీ కుర్రాళ్లు ఈ కొండల్లో చవగ్గా భూములు కొని, ఇళ్లు కట్టుకుని, గంజాయి పెంచడం మొదలుపెట్టారు. 1983లో ప్రభుత్వం హెలికాప్టర్లతో వేట మొదలుపెట్టింది. దాంతో తోటలు ఇంకా లోపలికి వెళ్లాయి. పెద్ద చెట్ల నీడకి, నిటారు వాలుల మీదికి, జీపు తప్ప ఏదీ ఎక్కని మట్టిరోడ్ల చివరికి. 1996లో ప్రొపొజిషన్ 215తో వైద్య అవసరాలకు మినహాయింపు వచ్చినా, ఆ తర్వాత ఇరవై ఏళ్లూ సాగు సగం వెలుగులో, సగం చీకట్లో నడిచింది.

అంటే ఆ నేలను ఎంచుకున్నదే కనబడకుండా ఉండటానికి. రోడ్డు బాగాలేకపోవడం, వాలు ఎక్కువుండటం, చుట్టూ అడవి, పక్కనే వాగు, ఇవన్నీ అప్పట్లో ఆ స్థలానికి ఉన్న మంచి గుణాలు. 2016లో కౌంటీ దరఖాస్తు ఫారం చేతిలో పెట్టేసరికి అవన్నీ ఒక్కసారిగా లోపాలైపోయాయి. నా దృష్టిలో అక్కడి అనుమతుల చిక్కంతా ఇందులోనే ఉంది. పన్నుల గురించీ కార్పొరేట్ల గురించీ చెప్పేవన్నీ దీని మీద వచ్చి పడినవే.

కౌంటీ ఫారం తెచ్చిన తొందర కూడా విచిత్రమే. 2015లో రాష్ట్రం చేసిన వైద్య గంజాయి చట్టంలో పొరపాటున ఒక గడువు దూరింది. 2016 మార్చి 1 లోపు స్థానిక నిబంధనలు చేసుకోకపోతే ఆ అధికారం రాష్ట్రానికే పోతుందని. పొరపాటును వెంటనే సవరించారు గానీ, ఆలోగా ఊరూరా కంగారుపడి నిబంధనలు రాసేశారు, ఎక్కువమంది నిషేధాలే రాశారు. హంబోల్ట్ మాత్రం 2016 జనవరిలో సాగును అనుమతిస్తూ ఆర్డినెన్సు, అంటే కౌంటీ స్థాయి చట్టం, తెచ్చింది. ఆ ఏడాది డిసెంబర్ 31 లోపు దరఖాస్తు పెట్టుకోమంది. 2,300కు పైగా వచ్చాయి. లక్షన్నర జనాభా కూడా లేని కౌంటీ అది.

ఆ దరఖాస్తుల్లో ఒకటి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకుందాం. గార్బర్‌విల్ అనే చిన్న ఊరికి పైన, కొండ మీద నలభై ఎకరాలున్న రైతు. అడిగింది 10,000 చదరపు అడుగుల ఆరుబయట తోట. మన లెక్కలో 23 సెంట్లు, తెలంగాణ లెక్కలో తొమ్మిది గుంటల పైచిలుకు. నలభై ఎకరాల్లో 23 సెంట్లకు అభ్యంతరం ఏముంటుంది అనిపిస్తుంది.

ముందు వాలు చూస్తారు. కొత్తగా వేసే తోటకు నేల వాలు 15 శాతం మించకూడదు, అంటే వంద అడుగులు నడిస్తే పదిహేను అడుగుల కన్నా ఎక్కువ ఎక్కకూడదు. తర్వాత దూరాలు. సరిహద్దు నుంచి ఇంత, పొరుగు ఇంటి నుంచి ఇంత, బడి నుంచి 600 అడుగులు, ఆదివాసీ తెగల పవిత్ర స్థలాల నుంచి ఇంత. తర్వాత అడవి. చోటు కోసం రెడ్‌వుడ్ చెట్లు కొట్టి ఉంటే అది వేరే శాఖ, వేరే ఫైలు. తర్వాత జనరేటర్ మోత. నార్తర్న్ స్పాటెడ్ ఔల్ అనే గుడ్లగూబ అక్కడ రక్షిత జాతి, దాని చెవికి ఇబ్బంది కలగకూడదు. వినడానికి నవ్వొస్తుంది గానీ, రాత్రంతా డీజిల్ జనరేటర్ మోగే కొండ పక్కన ఒక్క వారం ఉంటే మనమే గుడ్లగూబ తరఫున సంతకం పెడతాం.

అసలు పరీక్ష నీళ్ల దగ్గర. ఆ వాగుల్లో కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెడతాయి. అక్కడ వర్షాలు చలికాలంలో పడతాయి. ఎండాకాలంలో వాగు సన్నటి ధార అవుతుంది, గంజాయికి నీళ్లు ఎక్కువ కావాల్సింది సరిగ్గా అప్పుడే. రాష్ట్ర వన్యప్రాణి శాఖ శాస్త్రవేత్తలు 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. మొక్కకు రోజుకు ఆరు గ్యాలన్ల చొప్పున లెక్కగడితే, చూసిన నాలుగు పరీవాహక ప్రాంతాల్లో మూడు చోట్ల ఎండాకాలపు ప్రవాహం కన్నా గంజాయి తాగే నీళ్లే ఎక్కువని తేలింది. అందుకే ఏప్రిల్ 1 నుంచి అక్టోబర్ 31 దాకా సాగు కోసం వాగులోంచి నీళ్లు తోడకూడదని నీటి బోర్డు నిబంధన పెట్టింది. చలికాలంలో పట్టి దాచుకున్నదే వాడుకోవాలి.

మన రైతు 200 మొక్కలు వేశాడనుకుందాం. మొక్కకు రోజుకు ఆరు గ్యాలన్లు, 150 రోజులు. మొత్తం 1,80,000 గ్యాలన్లు, దాదాపు 6.8 లక్షల లీటర్లు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకు ఎండాకాలంలో వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లయితే 136 కావాలి. అన్ని నీళ్లు కొండ మీద దాచిపెట్టాలంటే 5,000 గ్యాలన్ల ప్లాస్టిక్ ట్యాంకులు 36 వరసగా నిలబెట్టాలి. వాటికి చదును చేసిన నేల కావాలి, చదును చేయాలంటే మళ్లీ గ్రేడింగ్ పర్మిట్. పోనీ చెరువు తవ్వుకుందామంటే, నిలవ నీళ్లలో బుల్‌ఫ్రాగ్‌లు చేరతాయి, బయటి నుంచి వచ్చిన ఆ పెద్ద కప్పలు స్థానిక కప్పలను తినేస్తాయి, కాబట్టి ఏటా కప్పలున్నాయో లేవో చూసి రాసిచ్చే ప్రణాళిక కావాలి. బోరు వేస్తానంటే, ఆ బోరు నీళ్లకూ వాగుకూ భూమి లోపల సంబంధం ఉందో లేదో తేల్చమంటారు. మన వాల్టా చట్టం కింద బోరు అనుమతి కోసం తిరిగిన రైతులకు ఈ ప్రశ్న కొత్తది కాదు, కాకపోతే అక్కడ దానికి జియాలజిస్టు నివేదిక జత చేయాలి.

ఇక తూము. రోడ్డు వాగును దాటే ప్రతిచోటా మట్టి కింద ఒక ఇనుప పైపు ఉంటుంది. ఎప్పుడో కలప లారీల కోసం వేసింది, అడుగు తుప్పుపట్టి చిల్లులు పడింది. పెద్ద వాన వస్తే పైపు పట్టదు, రోడ్డు కోసుకుపోయి ఆ మట్టంతా వాగులోకి, చేప గుడ్ల మీదికి వెళ్తుంది. వందేళ్లకోసారి వచ్చే వరదను తట్టుకునేంత పైపు వేయాలన్నది షరతు. పైపు మార్చడమంటే వాగును కదపడమే కాబట్టి వన్యప్రాణి శాఖతో విడిగా ఒప్పందం చేసుకోవాలి. ఇంజనీరు, బయాలజిస్టు, ఎక్స్‌కవేటర్. ఒక్కో తూముకు వేల డాలర్లు, పెద్దదైతే పదుల వేలు. ఒక్క స్థలంలో అలాంటివి నాలుగైదు ఉండటం మామూలే. 23 సెంట్ల తోట కోసం అడిగిన అనుమతి నలభై ఎకరాల రోడ్లను బాగుచేసే పనైపోతుంది.

ఈ షరతుల్లో ఒక్కదాన్ని కూడా నేను అన్యాయం అనలేను. తుప్పు పైపు వల్ల చేప పోవడం నిజం, ఎండిన వాగు నిజం. కాకపోతే అవే కొండల్లో కలప కంపెనీలు దశాబ్దాల పాటు చేసిన గాయాన్ని మాన్పే ఖర్చు కూడా ఈ 23 సెంట్ల మీదే పడింది.

కౌంటీకీ ఈ సంగతి తెలుసు. అందుకే ఒక దారి చూపింది. కొండ మీద పనికిరాని తోటను వదిలేసి, ఆ నేలను బాగుచేసి, కింద చదును నేలకు మారితే పాత విస్తీర్ణానికి నాలుగు రెట్లు, 20,000 చదరపు అడుగులు మించకుండా, సాగు చేసుకోనిస్తామంది. కాగితం మీద చక్కటి ఆలోచన. కానీ కింద లోయలో మనుషులుంటారు. పూత కాలంలో గంజాయి వాసన, స్కంక్ అనే అక్కడి జంతువు చిమ్మే దుర్వాసనలా ఉంటుందని, రాత్రిళ్లు లైట్లు, లారీలు అని వాళ్ల గొడవ. పైన పెడితే చేపకు కష్టం, కింద పెడితే పొరుగువాడికి కష్టం.

2018 మేలో హంబోల్ట్ పూర్తిస్థాయి పర్యావరణ నివేదికతో రెండో ఆర్డినెన్సు తెచ్చి, కౌంటీని 12 పరీవాహక ప్రాంతాలుగా విడగొట్టి, మొత్తం 3,500 పర్మిట్లు, 1,205 ఎకరాలు అని హద్దు గీసింది. వాగు ఎంత మోయగలదో చూసి సాగు ఎంతుండాలో తేల్చే ఈ పద్ధతి నాకు నచ్చింది. పంట ఏదైనా సరే, అలా ఆలోచించే జిల్లాలు ఎక్కడా ఎక్కువ లేవు.

ఇప్పుడు ఇందులో అందరూ తడబడే చోటుకొద్దాం. అక్కడ అనుమతులు రెండు రకాలు. మొదటిది అర్హత ఉంటే ఇవ్వాల్సిందే. డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్ లాంటిది, గుమస్తా టిక్కులు పెట్టి స్టాంపు వేస్తాడు, పొరుగువాడిని అడగడు. రెండోది అధికారి విచక్షణ మీద ఇచ్చేది. బహిరంగ విచారణ ఉంటుంది, ఎవరైనా వచ్చి అభ్యంతరం చెప్పొచ్చు, షరతులు పెట్టొచ్చు, కాదనొచ్చు, అప్పీలుకు వెళ్లొచ్చు. 1970 నాటి కాలిఫోర్నియా పర్యావరణ నాణ్యత చట్టం, సీక్వా అని పిలుస్తారు, రెండో రకానికి మాత్రమే వర్తిస్తుంది. రైతుకు మొదటి రకం సులువు, చవక. కానీ రాష్ట్రం వార్షిక లైసెన్సు ఇవ్వాలంటే సీక్వా ప్రకారం పరిశీలన జరిగినట్టు కాగితం చూపించాలి. విచక్షణ లేకుండా ఇచ్చిన అనుమతికి ఆ కాగితం ఉండదు.

మెండొసినో సరిగ్గా ఈ గుంటలోనే పడింది. 2017లో టిక్కుల పద్ధతిలో అనుమతులివ్వడం మొదలుపెట్టింది. ఒక్కో స్థలానికి విడిగా పరిశీలన ఏదని రాష్ట్రం అడిగింది. కౌంటీ దగ్గర జవాబు లేదు. ‘కౌంటీ ఇచ్చాక రండి’ అని రాష్ట్రం, ‘మేం ఇచ్చేశాం, రాష్ట్రం ఒప్పుకోవట్లేదు’ అని కౌంటీ. తహసీల్దార్ ఆఫీసుకూ రిజిస్ట్రేషన్ ఆఫీసుకూ మధ్య ఫైలు పట్టుకుని తిరిగినవాళ్లకు ఈ టెన్షన్ నేను వర్ణించనక్కర్లేదు. 2021లో కౌంటీ బోర్డు (ఎన్నికైన పాలక మండలి) ఆ పద్ధతి మార్చి, పదెకరాలు దాటిన స్థలాల్లో పది శాతం దాకా సాగుకు వీలిస్తూ కొత్త ఆర్డినెన్సు చేసింది. అంత విస్తీర్ణమా అని జనం రెఫరెండం కోసం సంతకాలు సేకరించారు. బోర్డు దాన్ని తనే రద్దు చేసుకుంది. రైతులు ఎక్కడివాళ్లక్కడే.

ఈ మధ్యలో వేల మంది బతికింది ప్రొవిజనల్ లైసెన్సుల మీద. పరిశీలన పూర్తి కాకపోయినా, జరుగుతోందని చూపిస్తే తాత్కాలికంగా సాగు చేసుకోనిచ్చే ఏర్పాటు ఇది, 2018లో తెచ్చారు. పొడిగిస్తూ పోయారు. ఫైళ్లు కదలడానికి 2021లో రాష్ట్రం 10 కోట్ల డాలర్లు 17 నగరాలు, కౌంటీలకు గ్రాంటుగా ఇచ్చింది. ఎక్కువమందికి ఈ తాత్కాలిక నీడ 2026 జనవరి 1తో ముగిసేలా గడువు పెట్టింది.

కలవేరస్ కౌంటీ కథ ఇంకో రకం. 2015లో అక్కడ కార్చిచ్చు వచ్చి ఊళ్లకు ఊళ్లు కాలిపోయాయి. చవగ్గా వచ్చిన భూముల్లో గంజాయి రైతులు దిగారు. డబ్బు అవసరమైన కౌంటీ 2016లో అత్యవసర ఆర్డినెన్సు తెచ్చి, దరఖాస్తుకు 5,000 డాలర్ల ఫీజు పెట్టింది. వందల మంది కట్టారు. ఎన్నికల్లో బోర్డు మారింది. 2018 జనవరిలో మూడు ఓట్లకు రెండు తేడాతో మొత్తం సాగునే నిషేధించారు. 2019లో మళ్లీ అనుమతించారు. భూ వినియోగ అనుమతి కౌంటీ రాజకీయాల చేతిలో ఉందంటే అర్థం ఇదే. వేసిన గ్రీన్‌హౌస్ అక్కడే ఉంటుంది, చట్టం దాని చుట్టూ తిరుగుతుంది.

దక్షిణాన ఉన్న శాంటా బార్బరా కౌంటీ వీటికి పూర్తిగా భిన్నం. చదును నేలలు, ఒకప్పుడు పూలు పెంచిన గ్రీన్‌హౌసులు, డబ్బున్న ఇన్వెస్టర్లు. కార్పింటీరియా ప్రాంతంలో 186 ఎకరాలు, లోపలి గ్రామీణ ప్రాంతంలో 1,575 ఎకరాలు అని హద్దులు పెట్టారు. హంబోల్ట్ మొత్తానికి పెట్టిన హద్దు కన్నా అదే ఎక్కువ. పైగా ప్రొపొజిషన్ 64 సమయంలో చిన్న రైతుకు ఒక మాటిచ్చారు, ఎకరం దాటిన పెద్ద సాగు లైసెన్సులు 2023 దాకా ఇవ్వబోమని. 2017 నవంబర్‌లో వచ్చిన నియమాల్లో మాత్రం ఒకరు ఎన్ని చిన్న లైసెన్సులు తీసుకోవచ్చో హద్దు పెట్టలేదు. ఇంకేముంది, చిన్న లైసెన్సులు డజన్ల కొద్దీ ఒకే స్థలం మీద పేర్చేశారు. కొండ మీది రైతు తూము కోసం బయాలజిస్టు అపాయింట్‌మెంటు వెతుక్కుంటుంటే, దక్షిణాన ఎకరాల్లో పంట దిగిపోయింది.

ధర పడిపోయింది. ఒకప్పుడు పౌండు వెయ్యి డాలర్ల పైన పలికిన ఆరుబయట పంట 2021 చివరికి కొన్ని వందలకు దిగింది. రాష్ట్రం సాగు పన్ను ఔన్సుకు 9.25 డాలర్లతో మొదలై పెరుగుతూ పోయింది. మొదటి రేటు ప్రకారమే పౌండుకు 148 డాలర్లు, ధర ఎంతున్నా సరే. హంబోల్ట్ సొంత పన్ను చదరపు అడుగుకు డాలరు, పండినా పండకపోయినా. పైగా ఫెడరల్ చట్టం, అంటే అమెరికా కేంద్ర చట్టం, ఒప్పుకోదు కాబట్టి బ్యాంకు అప్పు పుట్టదు, తూము ఖర్చు జేబులోంచే పెట్టాలి. రాష్ట్రం 2022 జులై 1న సాగు పన్నును ఎత్తేసింది, కౌంటీ కూడా తన పన్నును ముందు 85 శాతం కోసి, తర్వాత కొంతకాలం ఆపేసింది. అప్పటికే చాలామంది చేతులెత్తేశారు.

ఫెడరల్ మాట వచ్చింది కాబట్టి అక్కడున్న మనవాళ్లకు ఒక హెచ్చరిక. రాష్ట్రంలో చట్టబద్ధమే కదా అని వీసా మీదో గ్రీన్‌కార్డు మీదో ఉంటూ గంజాయి వ్యాపారంలో ఉద్యోగం చేయడం పెద్ద రిస్కు. అలాంటి ఉద్యోగం పౌరసత్వానికి కావాల్సిన సత్ప్రవర్తన నిబంధనకు అడ్డం రావచ్చని అమెరికా పౌరసత్వ విభాగం 2019 ఏప్రిల్‌లో స్పష్టంగానే చెప్పింది.

దరఖాస్తే పెట్టనివాళ్ల మీదికి హంబోల్ట్ కౌంటీ ఉపగ్రహ చిత్రాలతో వెళ్లింది. పైనుంచి గ్రీన్‌హౌస్ కనబడితే నోటీసు, సరిచేయకపోతే రోజుకు వేల డాలర్ల జరిమానా. ఒక్కో ఉల్లంఘనకు 10,000 డాలర్ల దాకా. గంజాయి పెంచకుండా కూరగాయలు పెంచుకునేవాళ్లకూ, పాత యజమాని చేసిన పనికి కొత్తగా కొన్నవాళ్లకూ నోటీసులు వెళ్లాయని కొందరు 2022లో కోర్టుకెక్కారు. కింది కోర్టు కొట్టేసినా, 2024 డిసెంబర్‌లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు మితిమీరిన జరిమానాల వాదనకు మళ్లీ ప్రాణం పోసింది. అదే ఏడాది మార్చిలో, సాగు మీద కొత్త ఆంక్షలు పెట్టాలన్న మెజర్ ఎ అనే ప్రతిపాదనని హంబోల్ట్ ఓటర్లు భారీ తేడాతో ఓడించారు. ఇంకా ఆంక్షలా అని విసిగిపోయారు కాబోలు.

మన దగ్గర 1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టం గంజాయి సాగుకు పదేళ్ల దాకా కఠిన శిక్ష వేస్తుంది. కానీ అదే చట్టం, నియంత్రిత సాగుకు నియమాలు చేసుకునే అధికారాన్ని రాష్ట్రాలకూ ఇచ్చింది. మత్తు తక్కువుండే నార రకం కోసం 2018లో ఉత్తరాఖండ్ ఆ దారిలో అడుగేసింది. ఇక్కడ జరిగే చర్చంతా మత్తు శాతం గురించే, ఏ వాలు మీద, ఏ గెడ్డ పక్కన, ఎవరి భూమిలో అన్న మాట ఇంకా ఎవరి నోటా వినలేదు.

హంబోల్ట్‌లో భూ వినియోగ అనుమతి మనిషికి కాదు, నేలకు అంటుకుని ఉంటుంది. రైతు అమ్ముకుంటే కొన్నవాడికి వెళ్తుంది. కొన్నాళ్లు అది భూమి ధరను పెంచింది కూడా, పర్మిటున్న 10,000 చదరపు అడుగులు అని ప్రకటనల్లో రాసి అమ్మారు. ఇప్పుడు కొనేవాళ్లు తక్కువ. వదిలేద్దామన్నా ఊరికే వదలరు. సాగు ఆపుతున్నానని, స్థలాన్ని బాగుచేశానని నీటి బోర్డుకు మూసివేత నివేదిక ఇవ్వాలి. అది ఇచ్చేదాకా ఏటా ఫీజు వస్తూనే ఉంటుంది. నివేదిక చూసేవాళ్లు తోట ఉందో లేదో చూసి వెళ్లిపోరు, రోడ్డు కిందికి వంగి తూము మార్చాడో లేదో చూస్తారు.